అమ్మ రుద్దేసిన గుర్తులు

సోమవారం నుంచి నాకు కరెంటు. రేడియేషన్‌ను మా ఇంట్లో అలాగే అంటారు. దాంతోపాటు వారానికొక కీమో. భయపడుతూ కూర్చునే తీరిక నాకెక్కడిది? కిడ్నీ పరీక్షలు, రోజూ తాగాల్సిన నీళ్ళు, ఆఫీసులో నా పని ఎవరికి అప్పగించాలన్నది, అన్నీ ఒక షీటులో రాసుకుని, అయిపోయినదానికల్లా పచ్చరంగు వేసుకుంటూ వచ్చాను. పదహారేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల తప్పులు పట్టుకునేదాన్ని, నా ఒంటి దగ్గర తప్పు దొర్లనిస్తానా!

సాయానికి తెనాలి నుంచి అమ్మ వచ్చింది. ఆవిడకు బీపీ. గర్భసంచి దగ్గర చిన్న గడ్డ, కరెంటు పెట్టి కరిగిస్తారు అని మాత్రమే చెప్పాను. క్యాన్సర్ అన్న మాటను కొండాపూర్‌లోని మా ఫ్లాటు గుమ్మం దాటనివ్వలేదు. హాస్పిటల్లో స్కాన్ చేసి, కిరణాలు ఎక్కడ పడాలో తెలియడానికి నా పొత్తికడుపు మీద, రెండు తుంటుల మీద ఇంకుతో గీతలు గీశారు. చికిత్స అయ్యేదాకా అక్కడ రుద్దొద్దన్నారు. అదీ అమ్మకు చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతుంది.

ఆదివారం పొద్దున్నే నూనెగిన్నెతో తయారైంది.

"రేపు వైద్యం మొదలెడుతూ తలంటు లేకుండా వెళ్తావా? కూర్చో!"

తలకే కదా అనుకుని లంగా గుండెల మీదకి కట్టుకుని పీట మీద కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ చేతులు మాడు మీద పడగానే ప్రాణం లేచొచ్చింది. కుంకుడు పులుసు కళ్ళలో పడి ఒకటే మంట. నేను కళ్ళు మూసుకుని గింజుకుంటుంటే, అమ్మ లంగా వదులు చేసి వీపుకు, నడుముకు, తుంటులకు, కడుపుకు సున్నిపిండి పెట్టి రుద్దేసింది.

"ఈ ఇంకు మరకలేంటే? ఎంత రుద్దితే పోయాయో!"

కళ్ళు తెరిచాను. తుంటి మీద గీతలు రెండూ మాయం. కడుపు మీదది సగమే మిగిలింది.

"చంపావు కదమ్మా! అవి క్యాన్సర్‌కి కరెంటు పెట్టే గుర్తులు!"

నోరు జారింది. అమ్మ నీళ్ళు పోసింది, తువ్వాలు చుట్టింది. నేను మాత్రం అరుస్తూనే ఉన్నాను. డాక్టరు ఒక్కరోజు కూడా ఆలస్యం వద్దన్నారు. మొదలు కాకముందే చేజేతులా చెడగొట్టుకున్నానేమోనని ఏడుపొచ్చింది.

సోమవారం టెక్నీషియన్ చూసి నవ్వాడు.

"ఏంది మేడమ్, మొత్తం తుడిచేసిండ్రు! ఫికర్ చేయకుండ్రి. మళ్ల స్కాన్ తీసి గీస్తం. రెండు రోజులు లేటైతది, గంతే. ఎవరు తుడిచిండ్రు?"

"నేనే" అన్నాను.

వెనక నుంచి అమ్మ ముందుకొచ్చింది. "కాదు బాబూ, రుద్దింది నేనండి. ఈసారి గీశాక నన్నొకసారి లోపలికి పిలవండి. ఎక్కడెక్కడున్నాయో చూసుకోవాలి."

పిలిచారు. అమ్మ చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, ఒక్కో గీతనూ చూసింది.

తిరిగి వస్తుంటే క్యాబ్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, అమ్మ బయటికి చూస్తూ అంది.

"బీపీకి మాత్రలున్నాయే. గడ్డ అన్నావు, రుద్దాను. క్యాన్సరని చెప్పుంటే, ఆ గీతల మీద ఈగనైనా వాలనిచ్చేదాన్నా?"