ముడి విప్పని రెండు బేళ్లు

ఆనంద నామ సంవత్సరం. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి రెండేళ్లయింది. అమలాపురంలో నాది బేళ్లు కట్టే పని. బేలంటే బట్టల్ని నొక్కి, గోనెతో చుట్టి, కొబ్బరితాడుతో బిగించిన మూట. కోరంగి రేవులో ఓడెక్కి రంగూను పోతుంది. తాడు చివర ముడి ఒక్కొక్కరిది ఒక్కో తీరు. నా ముడి చూసి అక్కడివాళ్లు నా పేరు చెప్పేస్తారు.

బండారులంక నేతగాడు వీరన్న ఎర్ర రుమాళ్లు తెచ్చేడు. ఏడాది నేత, రెండు బేళ్లయ్యేయి.

"ఇవి పోకపోతే మగ్గం ఎత్తెయ్యడమేనండీ. రంగూనులో మీ బావగారి కొట్టుందంట కదా, ఒక్క ముక్క రాసిపెట్టండి బాబూ."

నా ఒళ్లు మండింది. మా చెల్లి పెళ్లిలో ముందు తనకి తాంబూలం ఇవ్వలేదని అలిగి, విస్తరి ముందు నుంచి లేచిపోయిన మహానుభావుడు ఆయన, మా అక్క మొగుడు. ఐదేళ్లుగా మాటల్లేవు. నేను ముందు రాయడమా? ఛస్తే రాయను!

"సరుకు బాగుంటే అదే పోతుందిలే. ఓడ నడిపే సరంగు అమ్మిపెడతాడు" అన్నాను.

"ఆయ్" అని వెళ్లిపోయేడు.

ఓడ వెళ్లిందిగానీ నాకు కుదురు లేదు. ఇంట్లో కూర్చోలేను, రేవుకెళ్తే నిలబడలేను. వీరన్న వారానికోసారి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు, ఏమీ అడిగేవాడు కాదు. అడిగితే కసురుకుందును. అడక్కపోయేసరికి మరీ గింజుకుపోయేను.

ఆర్నెల్లకి గాలి తిరిగి ఓడ వచ్చింది. రెండు బేళ్లూ దాంట్లోనే తిరిగొచ్చేయి. ముడి కూడా విప్పలేదు. నేను విప్పి చూస్తే లోపల రుమాళ్లు సముద్రపు చెమ్మకి బూజు పట్టి ఉన్నాయి.

"మీ బావగారు చెయ్యి వెయ్యని సరుకు అక్కడ ఇంకెవరూ ముట్టుకోరండీ" అన్నాడు సరంగు.

ఆ పూటే సిగ్గు చంపుకుని "బావగారికి నమస్కారాలు" అని మొదలెట్టేను. జవాబు రావడానికి మళ్లీ గాలి తిరగాల్సొచ్చింది. "ఆ ముడి నీదేనని దూరం నుంచే పోల్చేను. నీ దగ్గర్నించి మాట లేదు. నేను కొంటే నీకు కోపమొస్తుందేమోనని ఊరుకున్నాను. ఎన్ని బేళ్లుంటే అన్నీ పంపు" అని రాసేడు.

తల బాదుకున్నాను. బండారులంక పరిగెత్తేను. మగ్గం గుంట పూడ్చేసి ఉంది. వీరన్న కాలవ తవ్వకంలో ఉన్నాడన్నారు. గట్టు మీదే పట్టుకుని ఉత్తరం చదివి వినిపించేను.

"ఆయ్, నేస్తానండీ" అన్నాడు. పలుగు పక్కన పెట్టి అరచేతులు చూపించేడు. కాయలు కాసి, పగిలి ఉన్నాయి. "నూలు పట్టుకుంటే వీటికి చిక్కుకుని తెగిపోతందండీ. మానేదాకా ఆగుతారా ఆయన?"

ఆగుతాడని చెప్పేను. సరుకు కంటే ముందు మన మాట వెళ్లాలని ఆ రోజు నేర్చుకున్నాను. పాఠం నాది, పగిలినవి మాత్రం అతని చేతులు.