అత్తమ్మ చెవి మిషన్

మా తోడికోడలు పోయిందన్న కబురు పోయిన నెల ఒక మధ్యాహ్నం ఫోన్లో వచ్చింది. పాత సామాన్ల దుకాణాలు చూడడానికి మహబూబాబాద్ వెళ్లి, అక్కడే గుండెపోటుతో కూలిపోయిందట. జనగామలో మా ఇంట్లో అత్తమ్మ చెవి మిషన్ తీసి పక్కన పెట్టుకుని పడుకుని ఉంది. నాది మొదటి నుంచీ చిన్న గొంతు. ఆ రోజు అరిచి చెప్పాల్సి వచ్చింది. వీధి వాళ్లకు వినబడింది గానీ అత్తమ్మకు వినబడలేదు. చివరికి మిషన్ నేనే ఆమె చెవికి పెట్టి, మెల్లగా చెప్పాను.

ఆ మిషన్‌ను బతికించింది కూడా మా తోడికోడలే.

మా మరిది భార్య ఆమె. హైదరాబాద్‌లో యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, పాడైన ఫోన్లు, టీవీలు, కంప్యూటర్లు చివరికి ఎక్కడికి చేరుతున్నాయో పరిశోధన చేసేది. రాగి కోసం వైర్లు కాల్చే చోటి నుంచి మట్టి తెచ్చి పరీక్షించేది. పండుగకు వచ్చినా చేతిసంచిలో స్క్రూడ్రైవర్లు ఉండేవి. "గమ్ముతోని అతికిస్తే పారేసుడే అక్కా. స్క్రూలు బిగిస్తే విప్పి బాగుచేసుకోవచ్చు" అనేది. పదో తరగతితో ఆగిన నాకు కూడా అర్థమయ్యేలా చెప్పేది. అదీ నాకు నచ్చేది కాదు.

ఒక దసరాకు ఆయుధ పూజలో కత్తిపీట, కుట్టుమిషన్‌తోపాటు అత్తమ్మ చెవి మిషన్ కూడా పెట్టాను. అదీ పనిముట్టే కదా. అన్నిటికీ చల్లినట్టే పసుపు నీళ్లు చల్లి, కుంకుమ బొట్టు పెట్టాను. బొట్టు సరిగ్గా శబ్దం లోపలికి పోయే రంధ్రం మీద పడింది. మిషన్ మూగబోయింది. దుకాణంలో చూపిస్తే కొత్తది కొనుక్కోమన్నారు.

మా తోడికోడలు వాకిట్లో పీట వేసుకుని, చిన్న బ్రష్‌తో సాయంత్రం దాకా ఆ కుంకుమ తీసింది. నన్ను కోప్పడలేదు. "బొట్టు పెడితే దేవుడు ఇంటడు గని అక్కా, అత్తమ్మకు ఇనరాదు" అని నవ్వింది. తర్వాత మిషన్ అత్తమ్మ చెవికి పెట్టి, నన్ను ఏదైనా చదవమంది. నేను గోవింద నామాలు చదువుతుంటే, శబ్దం పెంచుతూ తగ్గిస్తూ చూసింది.

"నీ గొంతుకు తగ్గట్టే పెట్టిన అక్కా. రోజూ మాట్లాడేది నువ్వే గద."

అత్తమ్మ ముఖం వెలిగింది. నా వైపు చూడలేదు. "మంచిగ ఇనొస్తుంది బిడ్డా" అని మా తోడికోడలి చేయి పట్టుకుంది.

పెళ్లయి వచ్చిన నాటి నుంచి అత్తమ్మకు అన్నం పెట్టేది, మందులిచ్చేది నేను. నన్ను ఎప్పుడూ "పెద్దకోడలా" అనే పిలిచింది. సెలవులకు వచ్చే ఆమె మాత్రం బిడ్డ. జఫర్‌గఢ్ నుంచి వచ్చిన చుట్టాలందరికీ అత్తమ్మ చెవి చూపించి, మా చిన్నది చేసిందని చెప్పుకునేది. పక్కింటావిడ నన్ను ఆట పట్టించింది: "మీ అత్త చెవిల చిన్నకోడలే కూసున్నది. మరి నువ్వేడున్నవ్ వదినా?" నేను నవ్వి పూజ గదిలోకి వెళ్లాను. దీపం ముందు కూర్చున్నా ఆ మాటే చెవుల్లో తిరిగింది.

పోయినవాళ్ల మీద ఈర్ష్య ఉండదంటారు. నాకు ఇంకా ఉంది. ఆమె చేసిన మేలు ఎంతదో తెలిసీ ఉంది.

ఆ బ్రష్ నాకే ఇచ్చి, ఎట్లా తుడవాలో నేర్పి వెళ్లింది. రోజూ దీపం పెట్టాక మిషన్ తుడుస్తాను. అతుకు సందులో చిక్కిన సన్నటి కుంకుమ గీత ఒకటి ఆమెకూ ఊడి రాలేదు, నాకూ ఊడి రాదు. అత్తమ్మ చెవికి పెట్టి, "అన్నం తింటరా అత్తమ్మా?" అని మెల్లగా అడుగుతాను. మొదటి మాటకే వింటుంది. విని, గేటు వైపు చూస్తుంది.