మరిచిపోయేవాళ్ల ఇళ్లకు ఒక టీచరు

మొన్న గురువారం పొద్దున కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే ఫోన్ మోగింది. అవతల చిన్నమ్మ. మా వీధి చివర ఇంట్లో టీచరుగారితో ఉండే ఆవిడ చెల్లెల్ని మేమంతా అలాగే పిలుస్తాం. "అక్క పోయిందమ్మాయ్" అంది. కారం చేతులతో కళ్లు తుడుచుకోకూడదని తెలిసీ తుడుచుకున్నాను.

మాచవరంలో ఆవిడను పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ టీచరే. కోడలిగా ఈ ఊరొచ్చిన నేను ఆవిడ బడిలో చదవలేదు. మా అత్తమ్మకు మతి తప్పడం మొదలైనప్పుడు నాకు ఆవిడ అవసరం పడింది.

అత్తమ్మ తిని చెయ్యి కడుక్కుని, అదే తడిచేత్తో వీధిలోకి వెళ్లి కోడలు అన్నం పెట్టలేదని చెప్పేది. నమ్మినవాళ్లు నమ్మారు. గాలి సోకిందన్నారు కొందరు. తాయెత్తు కట్టించమన్నారు. ఒక సాయంత్రం ఆమె అరుగు మీద ఏడుస్తుంటే టీచరుగారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఆకలేస్తందా వదినా? నాకూ ఏస్తంది. ఇద్దరం తిందాం."

నా చేత పెరుగన్నం తెప్పించి, ఆవిడ కూడా రెండు ముద్దలు తిన్నారు. అత్తమ్మ కుదుటపడ్డాక నన్ను వంటింట్లోకి తీసుకెళ్లారు.

"ఆమె అబద్ధమాడట్లేదే. తిన్న సంగతి చెరిగిపోయింది. బాధ మటుకు నిజం. వాదులాడి గెలిస్తే నీకేమొచ్చిద్ది? ఇది గాలీ కాదు, గయ్యాళితనమూ కాదు. జబ్బు. డాక్టరుకు చూపిద్దాం పద."

మర్నాడు మాతోపాటు నరసరావుపేట బస్సెక్కారు.

ఇదంతా ఆవిడకు ఊరికే తెలియలేదు. ఆవిడ భర్త సాగర్ కాలువ మీద నీళ్ల పంపకం చూసే లస్కరు. రిటైరయ్యాక ఆయనకూ ఇదే జబ్బు వచ్చింది. తెల్లారితే చాలు, తూము ఎత్తాలి, రైతులు కాచుకుని ఉన్నారు అంటూ బయలుదేరేవారట. ఉద్యోగం అయిపోయిందని చెబితే, ప్రతిసారీ అప్పుడే తీసేసినట్టు కుమిలిపోయేవారట. ఆఖరికి ఆవిడ చెప్పడం మానేసి, చెప్పులేసుకుని వెంట నడిచారు. కాలువ గట్టున కాసేపు నిలబడి, "నీళ్లు బాగా పోతన్నయ్యండీ, ఇంక ఇంటికి పోదాం" అంటే బుద్ధిగా వెనక్కి తిరిగేవారట.

ఆయన పోయాక, చర్చి పక్కన రేకుల షెడ్డులో ఆదివారం మధ్యాహ్నాలు మమ్మల్ని కూర్చోబెట్టేవారు. ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే చాలు, ఏ కులమైనా ఏ మతమైనా రావచ్చు. బెల్లంకొండ నుంచి కూడా వచ్చేవాళ్లు. రాగానే ఆవిడ అడిగే మాట ఒకటే. "వాళ్ల సంగతి తర్వాత. నువ్వు తిన్నావా? నిద్రపోయినావా?" ఆ మాటకే కొందరు భోరుమనేవాళ్లు. ఊళ్లో తగవులు తీర్చే పెద్దరైతు ఒకాయన, భార్య తనను ఎవరయ్యా నువ్వు అంటోందని చెబుతూ అందరి ముందూ ఏడ్చాడు.

"పేరు చెప్పు అన్నయ్యా. రోజూ కొత్తగా పరిచయం చేసుకో. నీ మీద ఉన్న పాత కోపాలు గూడా ఆమెకు గుర్తుండవు గదా" అన్నారు టీచరుగారు. ఆయన ఏడుస్తూనే నవ్వాడు.

ఒక ఆదివారం టీచరుగారు తన భర్త తూము సంగతి చెప్పి, టీ తాగి, మళ్లీ అదే మొదలుపెట్టారు. మేమెవరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే తెలిసిపోతుందని. మధ్యలో ఆవిడే ఆగారు.

"ఇది ఇందాక చెప్పానా?"

"చెప్పావక్కా" అంది చిన్నమ్మ.

గుంటూరులో పరీక్షలు చేయించుకుని వచ్చి, షెడ్డులో మా అందరికీ ఆవిడే చెప్పారు. "నేను మరిచిపోకముందే చెప్తన్నా. రేపు నేను మిమ్మల్ని తిట్టొచ్చు, కొట్టొచ్చు. ఈమె మా టీచర్ కాదు అనుకోమాకండి. నేనే. భయమేసి తిడతన్నా అనుకోండి." చిన్నమ్మ భుజం మీద చెయ్యేశారు. "దీన్ని మటుకు ఒంటరిగా ఒదిలెయ్యమాకండి."

వదల్లేదు. అప్పటికి మా అత్తమ్మ పోయింది. చివరి రోజుల్లో నన్ను అమ్మా అని పిలిచింది. అది టీచరుగారి పుణ్యమే. చిన్నమ్మ సంతకు వెళ్లడానికి, కాసేపు నడుం వాల్చడానికి మేం వంతులేసుకున్నాం. నా వంతు వచ్చినప్పుడు టీచరుగారు, "ఏ క్లాసు నువ్వు?" అనేవారు. "ఐదో క్లాసు, టీచర్" అనేదాన్ని. బాగా చదువుకోమని తల నిమిరేవారు.

అన్ని రోజులూ అలా గడవలేదు. ఒక మధ్యాహ్నం స్నానం చేయించబోతే కేకలు పెట్టి నా చెయ్యి రక్కారు. ఆవిడ నేర్పినట్టే ఆగిపోయి, బయటికి వచ్చి, కాసేపటికి అప్పుడే వచ్చినదానిలా లోపలికి వెళ్లాను. అమ్మ కావాలని ఏడుస్తున్నారు. అమ్మ లేదని చెప్పకూడదు, అమ్మ గురించి అడగాలి. అదీ ఆవిడ చెప్పిందే.

"మీ అమ్మ ఎట్టుండేది టీచర్?"

"నల్లగా ఉండేది" అన్నారు. ఆపైన మాట దొరకలేదు. వెతుక్కున్నారు. ముఖం గుర్తుకు రాలేదేమో, ఇంకా గట్టిగా ఏడ్చారు. ఆవిడ నేర్పినవన్నీ అంతటితో అయిపోయాయి. ఇప్పుడేం చేయాలో అడగడానికి నాకు ఆవిడ తప్ప ఎవరూ లేరు. పక్కనే నేల మీద కూర్చుని, ఏడుపు ఆగేదాకా చెయ్యి పట్టుకున్నాను.

శుక్రవారం మట్టి చేసి ఇంటికొచ్చాం. టీచరుగారు ఎటైనా వెళ్లిపోతారేమోనని ఇన్నేళ్లూ గొలుసు వేసి ఉంచిన గేటు బార్లా తెరిచి ఉంది. వేద్దామని లేచాను.

"ఉండనీయ్ అమ్మాయ్" అంది చిన్నమ్మ.

ఎవరిదో మేకపిల్ల లోపలికి వచ్చి కనకాంబరం మొక్క కొరుకుతోంది. చిన్నమ్మ దాన్ని అదిలించలేదు. మెట్టు మీద కూర్చుని, తెరిచిన గేటులోంచి వీధి వైపే చూస్తూ ఉండిపోయింది.