సిరా రాతల స్టాంపులు

ఎనభైల్లో ఒకసారి నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి అప్పుడే కొన్న స్టాంపుల ఆల్బం, ఇంకొకటి స్టాంపులు అంటించిన, అట్ట చిరిగిన స్కూలు నోట్‌బుక్. నాకూ స్టాంపుల పిచ్చి ఉండేది కాబట్టి నోట్‌బుక్ అడిగి తీసుకున్నాను.

నిండా రెక్కల గుర్రాలు, మాంత్రికులు, మంటలు కక్కే పాములు. ఏవో ఇంగ్లీషు కార్టూన్ సినిమాల బొమ్మలతో విదేశాల్లో వేసిన స్టాంపులవి. ఆయన భార్య మిషన్ ఆసుపత్రిలో నర్సు. అక్కడికొచ్చే ఉత్తరాల కవర్ల మీదివి కత్తిరించి, మైదా బంకతో అంటించిందట. ఒక్కో స్టాంపు కింద సిరాతో నాలుగైదు వరుసలు రాసి ఉన్నాయి.

"ఆ సినిమాలు మన పక్కకు యాడొచ్చినాయప్పా. బొమ్మలు చూసి కతంతా ఆమే అల్లింది," అన్నాడు. "ఆమె పోయి ఏడాదైతాంది. ఇవి చెడిపోకుండా కొత్తదాంట్లోకి మార్చల్ల. ఎట్ల ఊడదీయల్ల?"

"కాగితం నీళ్లలో నానబెడితే అవే ఊడొస్తాయి," అన్నాను, అన్నీ తెలిసినవాడిలా.

"మరి రాత?"

"సిరా కదా పెద్దాయనా, కరిగిపోతాది."

ఆయన నోట్‌బుక్ నా చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాడు. ఆళ్లగడ్డ వచ్చేదాకా ఒక్కో పేజీ తిప్పుతూ ఆ రాతలే చదువుకున్నాడు. దిగేటప్పుడు కొత్త ఆల్బం నా ఒళ్లో పెట్టి, "నువ్వు పెట్టుకోప్పా," అన్నాడు.

ఆ ఆల్బం ఎప్పుడో నిండిపోయింది. మా నాయన ఉత్తరాలకు అంటించిన స్టాంపులు మాత్రం అందులో లేవు. అవి ఇప్పటికీ, ఆయన తన చేత్తో నా పేరు రాసిన కవర్ల మీదే ఉన్నాయి.