నేను చదివిన ఢిల్లీ వార్త

పోయిన ఆదివారం ప్రొద్దుటూరులో మా పెన్షనర్ల సంఘం వాళ్ళు టిఫిన్లయ్యాక సరదాగా పాటలూ పద్యాలూ పెట్టుకున్నారు. ఒకాయన పద్యం పాడాడు, ఇంకొకాయన రైలు కూత కూశాడు, అంతలో నాతోపాటు జమ్మలమడుగులో పనిచేసిన ముసలాయన ఒకడు ఊరుకోక మైకు తెచ్చి నా చేతిలో పెట్టి, ఈయన ఒకప్పుడు రేడియో వార్తలు చదివితే ఢిల్లీ ఆయనే దిగివచ్చాడనుకునేవాళ్ళం, మీరూ ఒక్కసారి వినండి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గొంతు బాగా లేదని చెప్పి, మైకు కింద పెట్టి, చెప్పులు వెతుక్కుని బయటపడ్డాను. గొంతుకేం, దుక్కలా ఉంది. చదవమంటే ఈ రోజుకీ అచ్చం అలాగే చదవగలను, అదే నా ఖర్మ.

నా ఈడువాళ్ళకు పొద్దుటి తెలుగు వార్తలంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఊరికంతా ఒకటో రెండో రేడియోలున్న కాలం. చైనా యుద్ధానికి ముందు సంవత్సరం నేను జమ్మలమడుగు పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ప్రెసిడెంటు మా మేనమామ కాబట్టి చేరగలిగాను గానీ, నా చేతిరాత చూసి ఎవరూ పిలిచి పని ఇచ్చి ఉండరు. పొద్దున ఏడు కాకముందే ఆఫీసు తలుపు తీసి, సెట్టు పెట్టి, అది వేడెక్కి గరగరమని మాట్లాడేదాకా దాని ముందు కూర్చోవడం నా మొదటి పని. మిద్దె మీద మైకు బూర ఒకటి బజారు వైపు తిప్పి కట్టి ఉండేది. కాఫీ హోటలు ముందు, మగ్గం గుంతల్లో, పెన్న ఒడ్డున బట్టలుతికే చోట, అందరూ పని చేతిలో పట్టుకుని ఆ పది నిమిషాలూ చెవులొగ్గేవాళ్ళు.

అయితే మా సెట్టు ముసలిది. దాని గొంతు బూరలోకి పంపితే చీమ నడిచినట్టు వినిపించేది. అందుకని మా మామే ఒక ఉపాయం చెప్పాడు. నేను సెట్టుకు చెవి ఆనించి కూర్చుని, ఢిల్లీ ఆయన ఒక వాక్యం చదవగానే, అదే వాక్యం పంచాయతీ మైకులో తిరిగి చదవాలి. మొదట్లో నా గొంతుతోనే చదివాను. నెల తిరగకముందే ఆయన విరుపు, ఆయన ఊపిరి, పేరు చెప్పేముందు ఆయన ఆగే తీరు, అన్నీ పట్టుబడ్డాయి. మామకూ, హోటలు దగ్గర కూర్చునే నలుగురికీ తప్ప ఊళ్ళో అందరికీ అది ఢిల్లీ గొంతే. ఒకరోజు వార్తల మధ్య నేను గట్టిగా తుమ్మితే, పాపం ఢిల్లీలో చలెక్కువంట అని జాలిపడి, ఒక ముసలామె ఆయనకు పంపమని శొంఠి పొడి పొట్లం కట్టి ఆఫీసుకు తెచ్చి ఇచ్చింది. దాన్ని మేము కాఫీలో వేసుకు తాగి, పొట్ట పట్టుకు నవ్వాము. ఇంకోసారి ఢిల్లీ ఆయన నిజంగానే తడబడి క్షమించండి అన్నాడు, నేనూ అన్నాను, వారం రోజులు సంతలో బేరాల దగ్గర కూడా అందరూ క్షమించండి, క్షమించండి అని ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. ఇవన్నీ తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే చచ్చేంత సిగ్గూ వేస్తుంది.

ఆఫీసుకూ, హోటలుకూ పెన్న నుంచి నీళ్ళు మోసే ఆమె ఒకతె ఉండేది. అందరం పెద్దమ్మా అనేవాళ్ళం. పులివెందుల వైపు నుంచి చిన్నప్పుడే మొగుణ్ణి పోగొట్టుకుని, చంకలో కొడుకుతో వచ్చిందట. ఆ కొడుకు పెరిగి మిలిటరీలో చేరాడు. నోరు మాత్రం మహా గట్టిది. బిందె దించుతూనే, కూర్చుని తినే మమ్మల్నందరినీ మొహమాటం లేకుండా కడిగేసేది. హోటలు నడిపే మా బావను అయితే, నీ కాఫీ కంటే నేను తెచ్చే ఏటి నీళ్ళే చిక్కగుంటాయని నలుగురిలో అన్నది. ఆ మాట మా బావ మరచిపోలేదు.

యుద్ధం మొదలయ్యాక ఆమె నోరు తగ్గింది. రోజూ వార్తలు అయ్యేదాకా నెత్తిన బిందెతోనే అరుగు కింద నిలబడి, నేను బయటికి రాగానే ఒకే మాట అడిగేది.

"మావాని పేరు చెప్పినారా అప్పా?"

లక్షలమంది సిపాయిల్లో ఒక్కొక్కరి పేరూ రేడియోలో చదువుతారా అని చెబితే ఆమెకు ఎక్కేది కాదు. అంత దూరం నుంచి వానలూ ధరలూ చెప్పేవాళ్ళు తన కొడుకు సంగతి ఎందుకు చెప్పరని ఆమె లెక్క. మా బావకు అదొక ఆట అయింది. ఇప్పుడే చెప్పినారు పెద్దమ్మా, నువ్వు రావడం ఆలస్యమైంది అనేవాడు, ఆమె ముఖం వాడిపోతే తొడ కొట్టి నవ్వేవాడు. ఒకరోజు నావైపు తిరిగి, నువ్వు మొగోడివైతే ఆమె అడిగింది చదువు చూద్దాం అన్నాడు. ఇరవై రెండేళ్ళ వయసు, పొగిడే నలుగురు ఎదురుగా ఉన్నారు, చేతిలో మైకుంది. బుద్ధి ఎక్కడుంటుంది?

మర్నాడు వార్తలు ముగిసే ముందు, ఢిల్లీ ఆయన ఆగినట్టే ఆగి, చదివాను. సరిహద్దులో ధైర్యంగా పోరాడిన జమ్మలమడుగు సిపాయి, అని వాడి పేరు చెప్పి, క్షేమంగా ఉన్నాడని, త్వరలో సెలవు మీద ఎర్రగుంట్ల స్టేషనులో దిగుతాడని. బయట బిందె పడిన చప్పుడు వినిపించింది. మేము కిటికీ సందులోంచి చూశాము. ఆమె తడిసిన నేల మీదే కూలబడి, మిద్దె మీది బూర వైపు రెండు చేతులూ ఎత్తి మొక్కుతోంది. మా బావ నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వలేదని రాసుకుంటే ఇప్పుడు ఎవరూ కాదనరు, కానీ నవ్వాను.

సాయంత్రానికి మరచిపోతుందిలే, లేదంటే రేపు చెప్పేద్దాంలే అనుకున్నాము. ఆమె ఆ పొద్దే బిందెలు పక్కింట్లో పెట్టి ఎర్రగుంట్లకు బయలుదేరింది. ప్రతి రైలుకూ ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆకలేస్తే అక్కడే రెండిళ్ళలో నీళ్ళు మోసి ఇంత సంగటి తిని, అక్కడే పడుకునేదట. మేము హోటలుకు ఇంకో నీళ్ళమనిషిని పెట్టుకున్నాము. బస్సు డ్రైవరు వచ్చి ఆమె సంగతులు చెబుతుంటే కొన్నాళ్ళు అవీ నవ్వులకే పనికొచ్చాయి.

తరువాత మిలిటరీ నుంచి ఆమె పేరిట ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, చదవాల్సింది నేనే. వాడు చనిపోయాడు. తేదీ చూశాను. నేను మైకులో క్షేమంగా ఉన్నాడని చదివిన పొద్దుకు వాడు పోయి పదకొండు రోజులు. మా మామ ఆమెను పిలిపించి, తన నోటితోనే మెల్లగా చెప్పాడు. ఆమె ఏడవలేదు సరికదా, మామ మీదే కోప్పడింది.

"కాగితం యాడో తప్పు రాసినారు. రేడియోలోనే చెప్పినారు గదప్పా, వస్తాండాడని. ఊరంతా ఇన్లేదా?"

నేను అది చదివిన పొద్దు ఊళ్ళో లేని మామ ఏమీ అర్థంకాక నావైపు చూశాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. కానీ వచ్చే నెలలో నా ఉద్యోగం ఖాయం కావలసి ఉంది. నేను కాగితాలు సర్దుకుంటూ తల వంచుకున్నాను. ఆమె మళ్ళీ ఎర్రగుంట్ల బస్సెక్కింది.

ఇంకొన్నాళ్ళకు వాడి సామాన్ల పెట్టె వచ్చింది. అదీ ఎర్రగుంట్ల స్టేషనుకే వచ్చింది. తల్లి వేలిముద్ర వేస్తేగానీ ఇవ్వరు. ఆమె కూర్చునే బల్ల వెనక గోడకు అవతలే పార్సిలు గదిలో ఆ పెట్టె ఉంది, ఆమేమో కాగితం ముట్టనంటోంది, గడువు దాటితే పెట్టె వెనక్కి పోతుందని స్టేషను మాస్టరు కబురు పెట్టాడు. మామ నన్నే పంపాడు.

ఆమె చిక్కి సగమైంది. నన్ను చూసి సంతోషపడి, బల్ల మీద చోటు ఇచ్చి, ఊళ్ళో అందరి బాగోగులూ అడిగింది. కాగితం తీయగానే ముఖం తిప్పుకుంది. వాని పెట్టె వాడే మోసుకొస్తాడు, నేను యేలు పెడితే వాన్ని చంపినట్ల గాదా అంది. అప్పుడు చెప్పేశాను. అది ఢిల్లీ కాదు పెద్దమ్మా, నేను, నువ్వు రోజూ విన్నది నా గొంతే, కావాలని అబద్ధం చదివాను అన్నాను. ఆమె నమ్మలేదు. నన్ను ఎగాదిగా చూసింది.

"నీదయితే ఏదీ, మళ్ళా చదువు."

నలుగురు ప్రయాణికులు చూస్తుండగా, ఆ ప్లాట్‌ఫారం మీద, పేరుకు ముందు ఆగవలసిన చోట ఆగి, మొత్తం చదివాను. గొంతు వణుకుతుందనుకున్నాను. వణకలేదు. ఢిల్లీ ఆయన గొంతు ఎప్పుడూ వణకదు కదా, అలాగే వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది. త్వరలో సెలవు మీద దిగుతాడన్న చోట ఆమె పెదవులు కూడా నాతోపాటు కదిలాయి, అన్నిసార్లు మననం చేసుకుంది కాబోలు. అయిపోయాక తిట్టమని, కొట్టమని కాళ్ళు పట్టుకోబోతే, కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"శానా బాగ చదివినావు నాయనా," అని, బొటనవేలు చాపింది. "యాడ పెట్టాల?"

ఆ మరునాటి నుంచి మైకు ముట్టలేదు. మామను బతిమాలి కొత్త సెట్టు తెప్పించాను. ఉద్యోగం ఖాయమైంది, జీతం పెరిగింది, పెన్షనూ వస్తోంది. పెట్టె నెత్తిన పెట్టుకుని పులివెందుల బస్సెక్కిన ఆ మనిషి మళ్ళీ మా ఊరు రాలేదు. ఇప్పుడు మా మనవళ్ళ ఫోన్లలో పూటకు వంద వార్తలు వస్తాయి, వాళ్ళు ఒక్కటీ నమ్మరు, అంతా ఉత్తిదే తాతా అని వేలితో పక్కకు తోసేస్తారు. నాకు ఆ పిల్లల్ని చూస్తే దిగులేస్తుంది. ఎక్కడో కూర్చున్న కనబడని మనిషి చెప్పిన మాటను పట్టుకుని, రోజుల తరబడి రైళ్ళకు ఎదురుచూస్తూ నిలబడేంత నమ్మకం ఒకప్పుడు మనుషుల్లో ఉండేది. అది కాలంతోపాటు దానంతటదే పోయిందని మా సంఘంలో అందరూ అంటారు. ఒకామెది మాత్రం దానంతటదే పోలేదు, దాన్ని నేను తీసేశాను.