ఈశాన్యంలో ఇంటూ మార్కు

రాగసుధకి నలభై దాటాయి. నల్లపాడు స్టేషన్ దగ్గర మందుల షాపు పైన ఆమె ఆఫీసు. మిర్చి గోడౌన్లకీ, పత్తి మిల్లులకీ ఇనప షెడ్లు డిజైన్ చేస్తుంది. మొదట్లో మెట్లెక్కి వచ్చినవాళ్లు ఆమెని చూసి, "సార్ ఎప్పుడొస్తారమ్మా?" అనేవారు. "సార్ రారు, కూర్చోండి," అనేది.

తండ్రి రామచంద్రమూర్తి గారు పురోహితులు. వాస్తు చూస్తారు, ముహూర్తాలు పెడతారు. తండ్రీకూతుళ్లు ఒకే ఇంట్లో ఒకే పప్పు తింటారు గానీ, ఒకే మాట మీద ఉండగా నేనైతే చూడలేదు. మాది పక్కిల్లు కాబట్టి అన్నీ వినపడతాయి. కిటికీ మూసుకోవడం మర్యాద. నేను మూయను.

మా బావ బాపయ్య మిర్చి వ్యాపారి. ఆయన కొత్త గోడౌన్‌కి డిజైన్ రాగసుధ చేత చేయించి, ముహూర్తం మూర్తి గారి చేత పెట్టించమని చెప్పింది నేనే. ఇద్దరినీ ఒకే షెడ్డు కిందకి తెచ్చిన ఘనత నాదని మా స్కూలు స్టాఫ్ రూంలో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

గొడవ ఈశాన్యం మూల దగ్గర వచ్చింది. అక్కడ రెండు స్తంభాల మధ్య రాగసుధ రెండు ఇనప యాంగ్లర్లని ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటేలా బిగించమంది. మూర్తి గారు చూసి, "ఈశాన్యానికి ఇంటూ మార్కు కొట్టారేమిటి?" అన్నారు. అంతే, బావకి నిద్ర కరువైంది.

"ఆ ఒక్కటీ తీసేయమ్మా. మిగతా మూలల్లో ఉన్నాయిగా," అన్నాడు రాగసుధతో.

"తీయనండి."

"పోనీ, పక్కకి జరుపు."

"పక్కన మీ లారీ గుమ్మం. పైగా ఈ రెండు స్తంభాల కింద పునాది దీనికోసమే బరువుగా పోయించాను. తుఫాను గాలి రేకుల్ని పట్టుకుని షెడ్డునే పైకి లాగుతుంది. అప్పుడు కింద బరువుండాలి. భూమి కదిలితే లెక్క తిరగబడుతుంది, పైన ఎంత బరువుంటే అంత ఊపేస్తుంది. అందుకే పైన తేలిక, కింద బరువు, మధ్యలో మీ ఇంటూ మార్కు. పెద్ద ఊపు వస్తే అది సాగుతుంది, వంగుతుంది, స్తంభాన్ని మాత్రం పడనివ్వదు."

"మనకి భూకంపమేంటమ్మా?"

"మొన్న దర్శి వైపు భూమి కాస్త కదిలినప్పుడు, అక్కడ మీ వియ్యంకుడింట్లోంచి తువ్వాలు మీదే వీధిలోకి పరిగెత్తారటగా?"

బావ నా కేసి చూశాడు. నేను రేకుల కేసి చూశాను.

"సరేలే," అన్నాడు బావ. ఆయన సరేనంటే ఏదో ఉందన్నమాట.

ప్రారంభం రోజు పొద్దున్నే వెళ్లాం. మిర్చి రాశి పోసి ఉంది. తొడిమలు తీసే ఆడవాళ్లు వెంకాయమ్మ వెనకాల వరసగా కూర్చున్నారు. వాళ్లని పనికి తీసుకొచ్చేది ఆమే. మూర్తి గారు పీట మీద దీపం సర్దుతున్నారు. ఈశాన్యం మూల బంతిపూల దండలు దట్టంగా వేలాడుతున్నాయి. రాగసుధ నేరుగా వెళ్లి ఒక దండ పక్కకి తీసింది. స్తంభానికి బోల్టుల బెజ్జాలు ఖాళీగా ఉన్నాయి. విప్పేసిన యాంగ్లర్లు గోడ పక్కన పడున్నాయి.

"వెంకాయమ్మ పిన్నీ, నీ మనుషుల్ని తీసుకుని బయటికి రా. అవి బిగించేదాకా దీని కింద ఎవరూ కూర్చోవద్దు."

"గాలే లేదు గదమ్మా?"

"అది ఫోన్ చేసి రాదు పిన్నీ."

వెంకాయమ్మ ఒకసారి పైకి చూసి, చీర దులుపుకుని లేచింది. వెనకాలే అందరూ లేచారు.

"ముహూర్తానికి మనుషుల్ని లేపుతావా?" అన్నాడు బావ. "ఇక గుంటూరులో నీకు షెడ్డెవడిస్తాడో చూస్తా."

"చూడండి. బయట బోర్డు మీద డిజైన్ నాదని రాయించారు. నా పేరు చెరిపేసి మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి." ఆగింది. "కాదు, చెరిపినా ఒప్పుకోను. కింద కూర్చునేది వీళ్లు."

బావ నన్ను ముందుకి తోశాడు. "నువ్వు చెప్పవయ్యా, మాస్టారివి."

నేను గొంతు సవరించుకుని, సర్దుకుపోవడం గురించి క్లాసు మొదలుపెట్టాను.

"మాస్టారూ, మీరు రోజంతా లోపల కూర్చుంటారా?" అంది రాగసుధ.

ఆ ప్రశ్న పూర్తయ్యేసరికి నేను గుమ్మం బయట ఉన్నాను. ఆడవాళ్లు ఒకటే నవ్వు. పైగా గుమ్మానికి రంగు ఆరలేదు. కొత్త తెల్లచొక్కా భుజం మీద ఇంత ఆకుపచ్చ చార.

ఇక అందరూ మూర్తి గారి కేసి చూశారు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "శాస్త్రం శాస్త్రమే. అన్నమాట నేను వెనక్కి తీసుకోను," అని, పీట చంకలో పెట్టుకుని లేచారు.

"ఎక్కడికండీ?" అన్నాడు బావ.

"బయటికి. దీని కింద కూర్చోవద్దని మా అమ్మాయి చెబుతోందిగా."

ఆయన ఎండలోనే పీట వేసుకుని మంత్రాలు మొదలుపెట్టారు. లోపల బావ, దీపం మిగిలారు. కాసేపు బింకంగానే నిలబడ్డాడు. తర్వాత ఫిట్టర్లని కేకేశాడు.

బిగించడం అయ్యాక రాగసుధ తానే నిచ్చెనెక్కి, ఒక్కో బోల్టూ స్పానర్‌తో తిప్పి చూసింది. ఆమె దిగేదాకా వెంకాయమ్మ గుమ్మానికి అడ్డంగానే కూర్చుంది.

"పోనీ, వాటికి గోడ రంగే వేయిస్తానమ్మా. కనపడకుండా ఉంటుంది," అన్నాడు బావ నీరసంగా.

"వద్దండి. ఎర్రది వేయించండి. ఈసారి ఎవరు విప్పినా రోడ్డు మీంచే తెలియాలి."

ఈశాన్యానికి ఎరుపు కూడదంటారేమోనని బావ ఆశగా మూర్తి గారి కేసి తిరిగాడు. ఆయన ఆ మాట వినపడనట్టే కొబ్బరికాయ కొట్టారు.