బిగించిన పెదవులు

అంగోనో ఊళ్లో చర్చి వెనక సందులో బిబింగ్కా రొట్టెలు కాల్చి అమ్మే పెర్పెతువాకి తల్లి ముఖం గుర్తులేదు. తను పాకే వయసులోనే తల్లి ఫెలిసా జ్వరంతో పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. మిగిలిందల్లా తాత వేసిన రంగుల బొమ్మే. అందులో ఏడేళ్లప్పటి ఫెలిసా ముఖం ఉంటుంది, మెడ వరకే. భుజాలు బొగ్గు గీతల దగ్గరే ఆగిపోయాయి. ఏదో పెద్ద చిత్రానికి నమూనాగా వేసుకున్నాడట. ఆ చిత్రం మాత్రం వెయ్యనేలేదు.

పిల్ల పెదవులు గట్టిగా బిగించుకుని ఉంటుంది. కళ్లు మాత్రం పక్కకి, ఎవరినో పిలుస్తున్నట్టు. ఏడుపు ఆపుకుంటోందా, నవ్వు ఆపుకుంటోందా? పెర్పెతువా ఎంత చూసినా తేల్చుకోలేక, చివరికి తల్లి నోట్లో నాలుక లేని మనిషని ఖాయం చేసుకుంది. తనూ అలాగే పెదవులు బిగించడం నేర్చుకుంది. ఆమెతో బేరమాడడానికి ఆ సందులోవాళ్లం మేమంతా జంకేవాళ్లం.

"మీ అమ్మకి పంటినొప్పి అయ్యుంటుందిలే," అనేవాడు భర్త క్రిస్పులో.

"నీ మొహం," అని ఊరుకునేది.

ఆమెకు నలభై దాటాక, ఎప్పుడో సెబూ వెళ్లి స్థిరపడ్డ పిన్ని సలోమే ఇన్నేళ్లకి ఊరి పండక్కి వచ్చింది. సంచీ దించుతూ గోడ మీది బొమ్మకేసి చూసి పకపకా నవ్వింది.

"ఓసి, నేనింకా ఇక్కడే వేలాడుతున్నానా!"

"నువ్వేంటి పిన్నీ? అది మా అమ్మ కదా!"

"నుదురూ కళ్లూ మీ అమ్మవే. నోరు నాది. దాని నోరు మూతపడితేగా! మా నాన్న కుంచె ఎత్తేసరికి ఏదో ఒకటి వాగేది. విసుగెత్తి దాన్ని తరిమేసి, నన్ను కూచోబెట్టాడు. నోట్లో బెల్లంముక్క పెట్టి, కరిగేదాకా కదిలావంటే తంతానన్నాడు."

"మరి ఆ చూపెటు?"

"కిటికీలోంచి బాతులవాడి మీదికి. వాడి బాతులన్నిటికీ పేర్లు పెట్టింది మీ అమ్మే."

పెర్పెతువా గోడ దగ్గరికి వెళ్లి, అరచేత్తో బొమ్మ నోటిని కప్పింది. మిగిలిన కళ్లు అల్లరిగా, ఊరుకోలేనట్టు ఉన్నాయి. ఇన్నేళ్లూ పిన్ని మూతిని పెట్టుకు తిరిగానా అని ఒక్క క్షణం ఉక్రోషం వచ్చింది. అంతలోనే ఆత్రం ముంచుకొచ్చింది.

"ఏం పేర్లు పెట్టింది పిన్నీ?"

"లావుదాని పేరు ఫాదర్‌గారు. అందుకు మీ అమ్మ వీపు చిట్లింది కూడా."

"తరవాత?"

పొయ్యి మీద రొట్టె మాడినా ఇద్దరూ లేవలేదు. మర్నాడు బిబింగ్కా కొనడానికి వెళ్తే, పెర్పెతువా నన్ను నిలబెట్టి, తడబడుతూనే, "మా అమ్మ సంగతొకటి చెప్పనా?" అంది.